గిల్గమేష్‌ను పాడి చెప్పాలంటే: బాణీ పోయింది, పల్లవి పలక మీదే ఉంది

టీచర్ గారూ, మీరు అడిగింది ఇది: డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తున్నారు, పన్నెండు మంది పిల్లల బృందం ఉంది, గంట టైము ఇచ్చారు. గిల్గమేష్ కథను, అంటే మెసపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) మట్టి పలకల మీద రాసిన ఉరుక్ నగరపు రాజు కావ్యాన్ని, పాటతో కలిపి వేదికెక్కించాలి. అప్పటి అసలు సంగీతం ఎక్కడైనా దొరుకుతుందా, నోరు తిరగని పేర్లతో జనం విసుగెత్తకుండా ఎలా చెప్పాలి అని.

నేను సంగీతం టీచర్ని. పదిహేనేళ్లుగా స్కూళ్లలో, లైబ్రరీల్లో, ఒకసారైతే అపార్ట్‌మెంట్ సెల్లార్లో కూడా ఈ సుమేరు, బాబిలోన్ కథలు తెలుగులో చెప్తున్నాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను.

అసలు బాణీ దొరకదు. గిల్గమేష్ కథలో ఒక్క పాదానికి కూడా స్వరం రాసిన పలక ఇప్పటిదాకా బయటపడలేదు. "అసలైన సుమేరియన్ సంగీతం" అని యూట్యూబ్‌లో కనిపించేదంతా ఈ కాలం వాళ్లు కట్టిన బాణీయే. వాటిలో మంచివీ ఉన్నాయి. కట్టడం తప్పు కాదు, అసలైనదని చెప్పడమే తప్పు.

ఈ తేడా మనకు కొత్త కాదు. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద కీర్తన ఉంది, పైన రాగం పేరుంది, స్వరం లేదు. ఇవాళ మనం వినే బాణీలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి నుంచి మొదలుకొని ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. విన్నప్పుడు సాహిత్యం అన్నమయ్యది, బాణీ ఫలానా వారిది అనుకుంటాం, ఎవరూ నొచ్చుకోరు. మెసపొటేమియాలోని అస్సూరు నగరంలో దొరికిన ఒక పలక అచ్చం ఇలాంటిదే. సుమారు 3,100 ఏళ్ల కిందటిది, పాటల మొదటి పాదాల జాబితా. ప్రేమ పాటలు, దేవతల పాటలు, వాటిలో కొన్నింటిని ఏ శ్రుతి వరసలో పాడాలో దాని పేరు కింద గుంపులు చేసి రాశారు. పాట పోయింది, బాణీ పోయింది, మొదటి పాదమూ వరస పేరూ మిగిలాయి. నాకు ఆ జాబితా చదివినప్పుడల్లా రాగిరేకే గుర్తొస్తుంది.

అయితే చేతిలో ఏమీ లేదని కాదు. మెసపొటేమియా సంగీతం గురించి మనకు తెలిసింది చాలామంది అనుకునేదానికంటే ఎక్కువే.

ముందు వాద్యం. ఇరాక్ దక్షిణాన ఉర్ నగరంలో 1922 నుంచి 1934 వరకు లియొనార్డ్ వూలీ తవ్వకాలు జరిపాడు. అక్కడి రాజ సమాధుల్లో లైర్ వంటి తీగ వాద్యాలు దొరికాయి, సుమారు 4,500 ఏళ్ల నాటివి. చెక్క పూర్తిగా మట్టిలో కలిసిపోయింది, చెక్క ఉన్న చోట బోలు మాత్రం మిగిలింది. వూలీ ఆ బోలులో ప్లాస్టర్ పోయించి ఆకారం పట్టుకున్నాడు. వాద్యం ముందు బంగారు ఎద్దు తల, దానికి నీలి రాయితో చేసిన గడ్డం. ఆ నీలి రాయి ఆఫ్ఘనిస్తాన్ కొండల నుంచి వచ్చింది, అవే సమాధుల్లోని ఎర్ర కార్నీలియన్ పూసల్లో కొన్ని సింధు లోయ పనితనం. బాగ్దాద్ మ్యూజియంలో ఉన్న బంగారు లైర్ 2003 యుద్ధంలో జరిగిన లూటీలో విరిగిపోయింది. అసలు ఎద్దు తల బ్యాంకు ఖజానాలో ఉంది కాబట్టి దక్కింది.

లైర్ అంటే మన వీణలా మెట్ల మీద వేలు జరిపేది కాదు. ఒక్కో స్వరానికి ఒక్కో తీగ. అమరావతి శిల్పాల్లో కొందరి ఒళ్లో వంపు తిరిగిన వీణ ఉంటుంది చూడండి, ఆకారం వేరైనా మీటే పద్ధతి అదే. దాన్ని కొని తెప్పించాలని చూడకండి. మీ పిల్లల్లో ఎవరి ఇంట్లోనైనా స్వరమండల్ ఉంటే సరిపోతుంది, మెట్లు లేని తీగలే కదా. అదీ లేకపోతే తంబురా. పొడుగు మెడ తంబుర లాంటి వాద్యాలు అక్కడి మట్టి బొమ్మల చేతుల్లోనూ ఉన్నాయి.

ఇక శ్రుతి. ఇక్కడ కొంచెం ఆగుతాను, సంగీతం టీచర్నైనందుకు నాకు ముచ్చట. ఉర్‌లోనే దొరికిన ఒక పలక, సుమారు 3,800 ఏళ్ల కిందటిది, తొమ్మిది తీగల వాద్యాన్ని ఎలా శ్రుతి చెయ్యాలో చెప్తుంది. 1968లో ఆలివర్ గర్నీ దాన్ని ప్రచురించాడు. తీగల పేర్లు చూడండి: ముందు తీగ, దాని పక్కది, మూడో సన్న తీగ, నాలుగోది ఏయ దేవుడు చేసినది, అయిదోది, తర్వాత వెనక నుంచి నాలుగోది, వెనక నుంచి మూడోది, వెనక నుంచి రెండోది, చివరిది వెనక తీగ. సగం దాకా ముందు నుంచి లెక్క, ఆ తర్వాత వెనక నుంచి లెక్క. వాద్యాన్ని ఒళ్లో పెట్టుకున్నవాడు పెట్టిన పేర్లు ఇవి, పుస్తకం రాసినవాడు పెట్టినవి కావు.

పలకలోని మాట ఇలా నడుస్తుంది: వాద్యం ఫలానా వరసలో ఉంటే, ఫలానా రెండు తీగల జోడీ "స్పష్టంగా లేదు". ఆ జోడీలో ఫలానా తీగను బిగించు. ఇప్పుడు వాద్యం ఇంకో వరసలోకి వచ్చింది. ఇలా ఏడు వరసలు తిరిగి మొదటికి వస్తాయి. ఆ "స్పష్టంగా లేదు" అన్న మాటను మన భాషలోకి తెస్తాను. శంకరాభరణంలో తీగలు శ్రుతి చేసి శుద్ధ మధ్యమాన్నీ (మ) కాకలి నిషాదాన్నీ (ని) కలిపి మీటండి. కుదరదు, చెవికి గీసుకుంటుంది. మధ్యమాన్ని అర్ధస్వరం బిగించండి, కుదిరిపోతుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది కల్యాణి. పలక చేయిస్తున్నది ఇదే పని. ఆ ఏడు వరసల్లో ఆరు మనకు మేళకర్తలే (ఏడు స్వరాల మూల రాగాలు): శంకరాభరణం, కల్యాణి, హరికాంభోజి, ఖరహరప్రియ, నటభైరవి, తోడి. ఏడోదానికి పంచమం లేదు కాబట్టి మనం మేళంగా లెక్కపెట్టం.

ఒక జాగ్రత్త. అవి రాగాలు కావు, శ్రుతి చేసే పద్ధతులు. షడ్జం ఆధారంగా పాడేవారని పలక చెప్పదు. ఏ వరస పేరు ఏ మేళానికి సరిపోతుందన్నదీ ఒకసారి మారింది. మొదట పండితులు తీగల్ని ఒక దిక్కు నుంచి లెక్కించారు, తర్వాత అది తలకిందులని తేలింది. కాబట్టి "బాబిలోన్‌లో కల్యాణి పాడారు" అని పోస్టర్ మీద వేయించకండి.

కానీ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పొచ్చు. సినిమాల్లో ఎడారి, ఒంటె, పిరమిడ్ కనిపించగానే ఒక బాణీ వస్తుందే, మాయామాళవగౌళ ఛాయలో, అది ఈ ఏడింటిలో లేదు. మీ కీబోర్డు అబ్బాయి ముందు దాన్నే వాయిస్తాడు. వద్దనండి. మెసపొటేమియా ఎడారి కథ కూడా కాదు. రెండు నదులు, కాలవలు, రెల్లు, ఖర్జూరం తోటలు, బురద. మన గోదావరి లంకల్లో పెరిగినవాళ్లు ఇట్టే ఊహించుకోగలరు.

మీరు నికల్ దేవి స్తుతి అనే "ప్రపంచపు అతి పాత పాట" గురించి కూడా చదివే ఉంటారు. అది సిరియా తీరంలోని ఉగరిత్‌లో దొరికింది, భాష హుర్రియన్, సుమారు 3,400 ఏళ్ల నాటిది. పైన సాహిత్యం, కింద బాబిలోన్ సంగీత పదాలూ అంకెలూ. 1972లో ఆన్ కిల్మర్ దాన్ని చదివి స్వరపరిచింది. తర్వాత వేరే పండితులు వేరేగా స్వరపరిచారు. పలక ఒకటే, నాలుగు రికార్డింగులు వింటే నాలుగు వేర్వేరు పాటలు. ఏదో ఒకటి వాడుకోండి, కానీ అది గిల్గమేష్ పాట కాదు.

సరే, సంగీతం సంగతి ఇంత. ఇప్పుడు అసలు మాట. నేను మొదట చేసిన తప్పు చెప్తే మీకు త్వరగా అర్థమవుతుంది.

మొదటి ప్రదర్శన ఒక స్కూల్లో. గిల్గమేష్ మొత్తం కథ యాభై నిమిషాల్లో కుదించాను. చదివేటప్పుడు నాకు పెద్ద ఇబ్బందిగా అనిపించింది ఒకటే: చెప్పిందే చెప్పడం. పదో పలక, అంటే కావ్యంలో పదో భాగం చూడండి. మిత్రుడు ఎంకిదు చచ్చిపోయాక గిల్గమేష్ పిచ్చివాడిలా లోకం చివరికి నడుస్తాడు. కల్లు అమ్మే సిదూరి అడుగుతుంది: నీ బుగ్గలెందుకు పీక్కుపోయాయి, ముఖం ఎందుకు వాడిపోయింది అని. అతను పొడుగ్గా జవాబు చెప్తాడు. తర్వాత పడవవాడు ఉర్షనబి అవే మాటల్లో అడుగుతాడు, ఇతను అదే జవాబు. ఆ తర్వాత చావులేని ముసలాయన ఉత్నపిష్టిం దగ్గరా అదే. నేను ఇది లేఖకుల బద్ధకమనుకుని రెండు తీసేసి ఒకటే ఉంచాను. కీబోర్డు మీద ఆ ఎడారి బాణీయే వాయించాను. మొత్తం ఇరవైకి పైగా పేర్లు చెప్పాను. వెనక బెంచీల పిల్లలు టిఫిన్ బాక్సులు తెరిచారు.

ఆ రోజు ప్రేక్షకుల్లో ఒక పెద్దాయన ఉన్నాడు, మనవడి కోసం వచ్చాడు. వయసులో ఉండగా బుర్రకథ దళంలో వంత పాడినవాడు. నాతో అన్న మాట ఇది: "అంతా నువ్వే చెప్పేశావమ్మా. వంతకి చోటేదీ?"

ఇంటికెళ్లి మళ్లీ పలకల అనువాదం తీశాను. నేను కొట్టేసినవన్నీ వంత పాడే చోట్లే.

టీచర్ గారూ, ఈ కథలు కళ్లతో చదివే పుస్తకాలుగా పుట్టలేదు. సుమేరియన్ విలాప గీతాల్లో "ఇది మొదటి కిరుగు" (పాటలో ఒక భాగం), "దీనికి వంత" అని పలక మీదే రాసి ఉంటుంది. ఉర్ నగరం కూలిపోయినప్పటి ఏడుపు పాటలో పదకొండు కిరుగులున్నాయి. సృష్టి కావ్యాన్ని బాబిలోన్ కొత్త సంవత్సరం పండగలో నాలుగో రోజు పూజారి మర్దుక్ దేవుడి ముందు పారాయణం చేసేవాడు. ఎర్ర అనే మారి దేవుడి కావ్యం చివర ఫలశ్రుతి కూడా ఉంది! ఈ పాట పాడే గాయకుడు మారి తెగులుతో చావడు, ఈ పలక ఉన్న ఇంటి జోలికి కత్తి రాదు అని. నిజంగానే జనం ఆ కావ్యాన్ని తాయెత్తు ఆకారం పలకల మీద రాయించి పెట్టుకున్నారు. మన వ్రతకథ చివర "ఈ కథ విన్నవారికి" అని మొదలుపెట్టగానే అమ్మమ్మ అక్షింతలు సర్దుకునేది, సరిగ్గా అలాంటి చోటు అది.

ఇప్పుడు ఆ పదో పలక ఎలా చెప్తానో చూడండి. సిదూరి దగ్గర జవాబు పూర్తి గొంతుతో, తంబురా మీద: "ఆరు పగళ్లు ఏడు రాత్రులు ఏడ్చాను. పూడ్చనివ్వలేదు. వాడి ముక్కులోంచి పురుగు రాలే దాకా పూడ్చనివ్వలేదు. నేనూ వాడిలాగే పడుకోవాలా? మళ్లీ లేవకుండా పడుకోవాలా?" పడవవాడి దగ్గర అవే మాటలు, నడుస్తూ, కంజీర మీద అడుగుల లెక్కతో. ముసలాయన దగ్గర వాద్యం లేదు, శ్రుతి కూడా లేదు, ఉత్త మాటగా. ఒక్క అక్షరం మార్చను. మూడోసారికి పిల్లలకి ఆ మాటలు నోటికి వచ్చేసి ఉంటాయి. "పురుగు రాలే దాకా" దగ్గర నేను ఆగితే వాళ్లే అందిస్తారు. ఒక ఎనిమిదో తరగతి పిల్ల ఆ చోట ఏడ్చింది, వాళ్ల తాత పోయి నెల కూడా కాలేదట. ఆ తర్వాత నేనే రెండు నిమిషాలు కథ ఆపాల్సి వచ్చింది.

మీకు గంటే ఉంది కాబట్టి గిల్గమేష్ మొత్తం పెట్టుకోవద్దంటాను. దాదాపు 3,000 పంక్తుల కావ్యం. మూడు ఘట్టాలు చాలు: ఉరుక్ కోట గోడ, దేవదారు అడవి, ఎంకిదు చావూ దాని తర్వాతి నడకా. కావ్యం మొదట్లో "ఉరుక్ గోడ ఎక్కు, అటూ ఇటూ నడిచి చూడు, పునాది పరీక్షించు, ఇటుక కాల్చిన ఇటుకో కాదో చూడు" అని వినేవాణ్ణి పిలుస్తాడు కవి. పదకొండో పలక చివర, చావుకి మందు దొరకక చేతులూపుకుంటూ తిరిగొచ్చిన గిల్గమేష్ పడవవాడితో అవే మాటలు అంటాడు. చరణాలు తిరిగి పల్లవికి వచ్చినట్టు. మొదట ఏ బాణీలో పాడారో చివరా అదే పాడండి, కాలం మాత్రం విలంబంలోకి దించండి. వివరించి చెప్పే పని లేదు.

మిగతా ఇరవై నిమిషాలకి నా సలహా ఇనన్నా పాతాళయాత్ర. సుమేరియన్ కథ, వంత కోసమే పుట్టినట్టుంటుంది. మొదటి పాదం, "పై లోకం నుంచి కింది లోకానికి చెవి ఒగ్గింది." సుమేరియన్‌లో చెవికీ తెలివికీ ఒకటే మాట, గెష్తుగ్. ఇంగ్లీషు అనువాదకులు అక్కడ ఏదో "మనసు పెట్టింది" అని సర్దుకుంటారు. మనకి ఆ అవస్థ లేదు, చెవి ఒగ్గడం ఉండనే ఉంది.

ఇనన్నా దేవి పాతాళానికి వెళ్తుంది. ఏడు వాకిళ్లు. వాకిలి కాపరి పేరు నేతి. ఈ పేరు వినగానే మన పిల్లలు నేతి గారెలు, నేతి సున్నుండలు అని మొదలుపెడతారు, పెట్టనివ్వండి, ఆ నవ్వు తర్వాత మీకు పనికొస్తుంది. ప్రతి వాకిట్లో ఒక్కో నగ, ఒక్కో గుర్తు తీసేస్తాడు: తలపాగా, మెడలో నీలి పూసలు, రొమ్ము మీది జంట పూసలు, రొమ్ము పతకం, చేతి బంగారు కడియం, కొలబద్దా కొలతాడూ, చివరికి కట్టుకున్న రాచబట్ట. నేను ఇలా నడుపుతాను.

కథకురాలు: "మొదటి వాకిట తలపాగా తీశాడు."
ఇనన్నా: "ఇదేమిటి?"
వంతలు: "ఊరుకో ఇనన్నా ఊరుకో! పాతాళపు కట్టుబాటు ఇది, ఎదురాడకు!"

రెండో వాకిట్లో వంతలే. మూడో వాకిట్లో చెయ్యి ఊపితే చాలు, హాలంతా అందుకుంటుంది. నాలుగు, అయిదు హుషారుగా, డక్కి జోరు మీద. ఆరో వాకిట్లో డక్కి తగ్గించండి. ఏడో వాకిట్లో రాచబట్ట. అక్కడ వాద్యం పూర్తిగా ఆపండి. హాలు అలవాటుగా "ఊరుకో ఇనన్నా" అని సగం అని, తనంతట తానే ఆగిపోతుంది. ఇంతసేపు తాము ఎవరి తరఫున పాడారో అప్పుడు తెలుస్తుంది వాళ్లకి. ఆ నిశ్శబ్దం నేను నేర్పలేదు, ప్రతిచోటా దానంతట అదే వచ్చింది.

తర్వాత ఆమె శవమై కొక్కేనికి వేలాడుతుంది. చెలికత్తె నిన్షుబుర్ ముగ్గురు దేవుళ్ల దగ్గరికి వెళ్లి ఒకే మొర మూడుసార్లు పెట్టుకుంటుంది. ఇద్దరు పొమ్మంటారు, అదీ ఒకే మాటలతో. మూడోవాడు ఎంకి మాత్రం "నా బిడ్డకేమైంది?" అంటాడు. తన గోళ్లలోని మట్టి తీసి రెండు ప్రాణుల్ని చేసి పంపుతాడు. అవి పాతాళంలో చేసే పని పోరాటం కాదు. పాతాళపు రాణి ఎరెష్కిగల్ పురిటి తల్లిలా పడుకుని మూలుగుతుంటుంది. ఆమె "అయ్యో నా గుండె" అంటే ఇవి "అయ్యో నీ గుండె" అంటాయి. "అయ్యో నా కడుపు" అంటే "అయ్యో నీ కడుపు" అంటాయి. అంతే. తన నొప్పికి ఎవరో ఊ కొట్టారని రాణి కరిగి వరమిస్తుంది. వంత పాడడమే కథని మలుపు తిప్పుతుంది. వంతలు లేకుండా ఒక్కరే కూర్చుని ఈ కథ చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

సరదా కావాలంటే నిప్పుర్ అనే ఊరి పేదవాడి కథ ఉంది, పది నిమిషాల్లో అయిపోతుంది. గిమిల్ నినుర్త అనేవాడు ఒంటి మీది బట్ట అమ్మి మేకను కొని, మంచి విందు దొరుకుతుందని ఊరిపెద్దకి ఇస్తాడు. ఆయన ఎముకా నరమూ పడేసి, నాసిరకం బీరు పోయించి తరిమేస్తాడు. "ఒకటికి మూడు" అని వీడు వాకిలివాడికి చెప్పి పోయి, మూడు ఎత్తులు వేసి ఊరిపెద్దని మూడుసార్లు చితక్కొడతాడు. రాజుగారి అధికారిగా ఒకసారి, గుండు గీయించుకుని వైద్యుడిగా ఒకసారి. మూడోది చెప్పను, మీ పిల్లలే చదివి నవ్వుకోవాలి. 2018లో కేంబ్రిడ్జి విద్యార్థులు దీన్ని బాబిలోన్ భాషలోనే సినిమాగా తీశారు. మన బుర్రకథలో హాస్యం వంత ఉంటాడే, అతనికి ఇచ్చేయండి ఈ కథ.

పేర్ల గురించి అడిగారు. నా లెక్క ఒక్కటే, ఒక ఘట్టానికి మూడు పేర్లు మించకూడదు. మిగతావాళ్లు "కల్లు అమ్మే ఆవిడ", "పడవవాడు", "ముసలాయన". బుర్రకథలో రెండో వంత "ఎవరయ్యా ఆయన?" అని మధ్యలో అడుగుతాడు కదా, కొత్త పేరు వచ్చినప్పుడల్లా ఆ ప్రశ్న పెట్టించండి. జవాబు ఒక్క ముక్కలో ఉండాలి. "ఎన్లిల్ అంటే ఎవరు?" "గాలికి దేవుడు. గోల పడదు ఆయనకి." ఇంతకంటే పరిచయం అక్కర్లేదు. మన దేవుళ్లతో పోల్చి, ఇనన్నా అంటే మన ఫలానా దేవి అని మాత్రం చెప్పకండి. వెంటనే ప్రేక్షకుడు తనకు తెలిసిన కథ వింటాడు, మీరు చెప్పే కథ వినడు.

అసలు భాష కొంచెం వినిపించాలని ఉంటే అక్కాడియన్ (బాబిలోన్ వాళ్ల భాష) ఎంచుకోండి. సుమేరియన్ ఉచ్చారణ మనకి అక్కాడియన్ లేఖకుల చెవిగుండా వచ్చింది, అందులో సందేహాలు ఎక్కువ. అక్కాడియన్ సెమిటిక్ భాష, అరబిక్‌కి దూరపు చుట్టం, ఉచ్చారణ బాగానే తెలుసు. గిల్గమేష్ మొదటి పాదం ఇది: "ష నక్బ ఈమురు, ఇష్దీ మాతి." లోతును చూసినవాడు, దేశానికి పునాది అని అర్థం. దీర్ఘం, హ్రస్వం, ద్విత్వం తేడా చూపడం తెలుగు నోటికి పుట్టుకతో వచ్చిన విద్య, అక్కాడియన్‌కి కావలసింది సరిగ్గా అదే. ఇంగ్లీషు వాళ్ల కంటే మన పిల్లలే త్వరగా పట్టుకుంటారు. పండితులు స్వయంగా చదివిన రికార్డింగులు మార్టిన్ వర్తింగ్టన్ ఇంటర్నెట్‌లో పోగుచేసి పెట్టారు, ఒకసారి వినిపించండి. సుమేరియన్ రచనల అనువాదాలకి ఆక్స్‌ఫర్డ్ వాళ్ల భాండారం ఉంది, ఉచితం.

ప్రదర్శన అయ్యాక ఎవరో ఒకరు తప్పకుండా లేచి "ఉర్ అంటే మన ఊరే కదండీ, సుమేరియన్లు తెలుగువాళ్లే కదా" అంటారు. నాకు ప్రతిసారీ జరుగుతుంది. సుమేరియన్‌లో ఊరిని "ఉరు" అంటారన్నది నిజమే. కానీ ఒక మాట కలిసినంత మాత్రాన రెండు భాషలు చుట్టాలు కావు, వ్యాకరణం కలవాలి, ధ్వనులు ఒక పద్ధతి ప్రకారం కలవాలి. సుమేరియన్‌కి ఏ భాషతోనూ చుట్టరికం ఇంతవరకు రుజువు కాలేదు. పైగా ఆ నగరాన్ని సుమేరియన్లు "ఉరిమ్" అనేవారు. మర్యాదగా ఇంత చెప్పి కూర్చోండి, వాదన పెంచుకుంటే మీ ప్రదర్శన గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంకో చిట్కా. పలకలు విరిగి ఉంటాయి, కథ మధ్యలో తెగిపోతుంది. మొదట్లో నేను ఆ ఖాళీల్ని సొంతంగా పూరించేదాన్ని. ఇప్పుడు డక్కి మీద ఒక్క దెబ్బ వేయించి "ఇక్కడ మట్టి విరిగింది" అని చెప్పి, మూడు లెక్కలు ఆగి, మిగిలిన చోట నుంచి అందుకుంటాను. పెద్దవాళ్ల కంటే పిల్లలకి ఇది బాగా నచ్చుతుంది. ఒకడు అడిగాడు, "టీచర్, ఆ ముక్క ఇంకా అక్కడే మట్టిలో ఉందా?" అని. ఉండొచ్చు.

ఎందుకంటే ముక్కలు నిజంగానే దొరుకుతున్నాయి, దేవదారు అడవి ఘట్టం మీకు తప్పనిసరి అన్నది అందుకే. ఇరాక్ కుర్దిస్తాన్‌లోని సులేమానియా మ్యూజియం 2011లో ఒక పలక కొన్నది. అది అయిదో పలక భాగం. ఫరూక్ అల్ రావీ, ఆండ్రూ జార్జ్ దాన్ని చదివి 2014లో ప్రచురించారు. గిల్గమేష్, ఎంకిదు గొడ్డళ్లు పట్టుకుని అడవి అంచున నిలబడి వింటారు. అంతకుముందు దొరికిన పలకల్లో అక్కడ చెట్ల వర్ణనే ఉండేది. ఈ పలకలో చప్పుడు ఉంది. గువ్వ మూలుగుతోంది, ఇంకో గువ్వ బదులిస్తోంది, కొంగ అరుస్తోంది, కౌజు కూస్తోంది, కీచురాళ్లు గోల పెడుతున్నాయి, తల్లి కోతులు పాడుతున్నాయి, పిల్ల కోతులు కీచుమంటున్నాయి. రాజు కొలువులో గాయకులు, డోలు వాయించేవాళ్లు ఉన్నట్టు, ఇవన్నీ రోజూ అడవి కాపరి హుంబాబా ముందు కచేరీ చేస్తున్నాయట.

అసలు సంగీతం కావాలన్నారు కదా, కవి మనకు వర్ణించి ఇచ్చిన కచేరీ ఇది. దీనికి వాద్యాలు వద్దు, పన్నెండు నోళ్లు చాలు. ఒక్కొక్కరికి ఒక్కో జీవి. దీపాలు తగ్గించి రెండు నిమిషాలు ఉత్త చప్పుడే వదలండి, కథ చెప్పకండి. హాల్లో ఎవరో నవ్వుతారు, మరెవరో తోడు కూస్తారు, ఫరవాలేదు. తర్వాత హుంబాబాని చంపుతారు, దేవదారుల్ని నరుకుతారు. ఒక చెక్క దిమ్మ మీద గొడ్డలి దెబ్బ ఒకటి పడాలి, ఒక జీవి ఆగిపోవాలి. ఇంకో దెబ్బ, ఇంకోటి. తల్లి కోతి తర్వాత పిల్ల కోతి. చివర్లో ఎంకిదు అంటాడు: "మిత్రమా, అడవిని బీడు చేశాం. నిప్పుర్‌లో ఎన్లిల్‌కి ఏం జవాబు చెప్తాం?" ఆ మాట పడేసరికి వేదిక మీద ఒక్క కీచురాయి మాత్రమే మిగిలి ఉండాలి, అదీ చివరి దెబ్బకి ఆగాలి.

ఆ కీచురాయి వేషానికి మనిషిని జాగ్రత్తగా చూసుకోండి. గొంతు బాగున్నవాళ్లు కాదు, దమ్ము పట్టగలిగినవాళ్లు కావాలి. మా బృందంలో ఎన్‌సీసీ కుర్రాడు ఒకడు నలభై సెకన్లు నిలబెట్టాడు.